ముప్పై ఏడు డిగ్రీలు

శ్యామల జహీరాబాద్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేది. ముప్పై తొమ్మిదేళ్లు. పాఠాలు చెప్పుకుంటూనే హైదరాబాద్‌లో విష్ణువర్ధన్ సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది, అప్పటికి ఆరో ఏడు. ఆమె పట్టుకున్న సమస్య ఊళ్లోదే. పొలాల్లో తవ్విన అల్లాన్ని లారీలకు ఎక్కించే ముందు సిమెంటు తొట్లలో కడుగుతారు. ఆ నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. అయినా ఒక రకం బాక్టీరియా చావదు. తొట్టి ఖాళీ చేసి రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ నింపినా, వారం తిరిగేసరికి అదే బాక్టీరియా నీళ్లనిండా ఉంటుంది. అల్లం బొంబాయి చేరేలోపు మెత్తబడిపోతుంది.

ఆ నీళ్లు సీసాల్లో పట్టి తెచ్చి, బాక్టీరియాను విడదీసి, ఇంక్యుబేటర్‌లో ముప్పై ఏడు డిగ్రీల దగ్గర పెంచి, బ్లీచింగ్ నీళ్లలో వేసి చూసేది శ్యామల. పది నిమిషాల్లో అంతా చచ్చేది. ల్యాబ్‌లో అంత తేలిగ్గా చచ్చేది తొట్టిలో ఎందుకు చావదో ఆరేళ్లలో ఆమెకు అంతుచిక్కలేదు. ఎండాకాలం తొట్ల పక్కన నిలబడి నిలబడి చేతులు నల్లబడ్డాయి. సెలవులన్నీ ల్యాబ్‌లోనే గడిచాయి. ఐనా సార్‌కి చూపించడానికి ఆమె దగ్గర లెక్కల పట్టికలే ఉన్నాయి, జవాబు లేదు.

కిందటి జులైలో సార్ తన ప్రాజెక్టులో ఒక అమ్మాయిని తీసుకుని శ్యామలకు తోడుగా జహీరాబాద్ కాలేజీ ల్యాబ్‌కే పంపించాడు. పేరు ముస్కాన్. ఇరవై నాలుగేళ్లు, ఎమ్మెస్సీ అయిపోయింది. తండ్రి హఫీజుద్దీన్‌కి బైపాస్ దగ్గర స్కూటర్ల రిపేరు షాపు. చిన్నప్పటి నుంచి షాపులో స్పానర్లు అందించిన చెయ్యి కావడంతో ఏ సున్నితమైన పనైనా తడబడకుండా చేసేది. శ్యామల ఒక ప్లేటు మీద బాక్టీరియా గీతలు గీసేలోపు ఆమె మూడు గీసేది. కాలేజీ పిల్లలు కూడా డౌట్లుంటే మెల్లమెల్లగా ముస్కాన్ బల్ల దగ్గరికి పోవడం మొదలుపెట్టారు.

మొదట్లో శ్యామల దాన్ని పట్టించుకోలేదు, లేదా పట్టించుకోలేదని అనుకుంది. దసరా సెలవుల తర్వాత సార్ ఫోన్ చేసినప్పుడు మాత్రం గమనించింది. పదిహేను నిమిషాల్లో ఆయన ముస్కాన్ పేరు ఎనిమిదిసార్లు తీశాడు. ఎందుకు లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు. ఆ రోజు నుంచి లెక్కపెట్టడం ఆగలేదు.

డిసెంబర్‌లో ముస్కాన్ బాక్టీరియాకు మేతగా పోసే ఏగార్‌లో కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపి కొన్ని ప్లేట్లు పోసింది. జిగురు తయారు చేసే బాక్టీరియా ఆ రంగును పట్టుకుంటుందని ఎమ్మెస్సీలో ఎవరో చెప్పిన మాట ఆమెకు గుర్తుంది. తొట్టి బాక్టీరియాను వాటి మీద గీసి, ఇంక్యుబేటర్‌లో జర జాగా ఇస్తారా అని శ్యామలను అడిగింది. లేదని చెప్పింది శ్యామల. అది పూర్తి నిజం కాదు. కింది అర ఖాళీగానే ఉంది. తనవి తర్వాత పెట్టుకుంటానని ఉంచుకుంది.

ముస్కాన్ సరేనంది. ప్లేట్లను కిటికీ పక్కన బీరువా మీద పెట్టి పేపర్ కప్పింది. మధ్యలో రెండు రోజులు సెలవులొచ్చాయి. నాలుగో రోజు పొద్దున పేపర్ తీసి చూసి అక్కడే నిలబడిపోయింది.

"మేడం, జర ఇటు రాండి. ఇవి ఎట్లనో ఉన్నయి."

శ్యామల పోయి చూసింది. ఆరేళ్లుగా ఆమె చూసిన బాక్టీరియా గుంపులు, కాలనీలు, నున్నగా, తడిగా, పాలచుక్కల్లా ఉండేవి. ఇవి ముదురెర్రగా ఎండిపోయి, నడిమి నుంచి అంచుదాకా ముడతలు ముడతలుగా ఉన్నాయి. ముస్కాన్ సూదితో ఒకదాని అంచు లేపింది. మామూలు కాలనీ ఐతే సూదికి అంటుకుని సాగుతుంది. ఇది ఎండిన మీగడ పొరలాగా మొత్తం ఒక్క ముక్కగా లేచొచ్చింది.

ఏదో బయటి బూజు పడి ఉంటుందని శ్యామల తేలిగ్గా తీసేసింది. కానీ ముస్కాన్ వదల్లేదు. సార్ ల్యాబ్ నుంచి ఇంకో రంగు తెప్పించింది. బట్టల సబ్బుపొడిలో తెల్లటి మెరుపు కోసం కలిపే జాతిది. సెల్యులోజ్ ఉన్నచోట అది అంటుకుని, అల్ట్రావయొలెట్ దీపం కింద నీలంగా వెలుగుతుంది. గది తలుపులు మూసి దీపం వేస్తే ముడతల కాలనీలన్నీ వెలిగాయి. పత్తిలో ఉండే సెల్యులోజే. పక్కనున్న ఝరాసంగం చేలల్లో పత్తికాయ చేసే పదార్థాన్ని కంటికి కనపడని ఈ పురుగు కూడా చేస్తోంది. కణాలు విడివిడిగా లేవు. ఆ పోగుల్లో ఒకదానికొకటి చుట్టుకుని, లోపలివి లోపల, బయటివి బయట, అన్నీ కలిసి ఒకే ఒంట్లో ఉన్నట్టు బతుకుతున్నాయి. ఆ ముడతల ముక్కను బ్లీచింగ్ నీళ్లలో గంటసేపు ఉంచినా లోపలి కణాలు చావలేదు.

శ్యామల ఆరేళ్ల ప్రశ్నకు జవాబు దాదాపు దొరికినట్టే. దొరికింది ఆమెకు కాదు.

సార్ ఫోన్‌లో ఫొటోలు చూసి చాలా సంతోషపడ్డాడు. శ్యామలతో మాట్లాడుతూ, నువ్వు పక్కనుండి నేర్పించినందుకే ఆ పిల్ల ఇంత చేసిందని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు ఆమెకు తిట్టులా తగిలింది. ఇంటికొచ్చి భర్త శ్రీకాంత్‌కి చెప్పింది. అతను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. అన్నం కలుపుకుంటూ అంతా విని, "ఆ పిల్ల హుషారున్నది గదా" అన్నాడు. అతని మాటలో ఏ తప్పూ లేదు. శ్యామల ఆ పూట సరిగా తినలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. ఆ ముడతలు ఎందుకు వచ్చాయో ముస్కాన్‌కి తెలియదు. రంగు వల్లనేమో, ఏగార్‌లో ఉప్పు తగ్గించినందుకేమో అని ఒక్కొక్కటీ మార్చి చూస్తోంది. శ్యామల ఆ వారమే ఇంట్లో కూర్చుని పాత పరిశోధన పత్రాలు వెతికింది. చదవడంలో ఆమె గట్టిది. రెండో రోజుకే దొరికింది. ఈ జాతి బాక్టీరియాల్లో చాలావాటికి సెల్యులోజ్ చేయడం, గుంపుగా అల్లుకోవడం చల్లదనంలోనే. ఇరవై ఆరు, ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర చేస్తాయి. ముప్పై ఏడుకు పోతే ఆపేసి నున్నటి కాలనీలైపోతాయి. ఇంక్యుబేటర్‌లో జాగా లేదని తను చెప్పినందుకే ముస్కాన్ ప్లేట్లు చలిలో ఉన్నాయి. అందుకే అవి ముడతలు పడ్డాయి. తను ఆరేళ్లూ అన్నిటినీ ముప్పై ఏడు దగ్గరే పెట్టింది.

పొద్దున ఆ కాగితాలు సంచిలో పెట్టుకునే కాలేజీకి పోయింది. ముస్కాన్ నవ్వుతూ ఎదురొచ్చి, సార్ మళ్లీ ఫోన్ చేశాడని చెప్పింది. శ్యామల సంచి జిప్ లాగేసి కుర్చీ కింద పెట్టుకుంది. ఆ కాగితాలు బయటికి రాలేదు.

ఫిబ్రవరి మొదటి గురువారం సార్ స్వయంగా వస్తానన్నాడు. ఫొటోలు చాలవు, తాజాగా గీసిన ప్లేట్లు కళ్లతో చూడాలి, అక్కడే దీపం కింద పెట్టి పరీక్షించాలి అన్నాడు. వచ్చే ఏడాదికి ప్రాజెక్టు సాగడం, ముస్కాన్ ఉద్యోగం ఉండడం ఆయన రాసే రిపోర్టు మీదే ఉన్నాయి. సోమవారం మధ్యాహ్నం ముస్కాన్ ఆరు ప్లేట్లు గీసి బీరువా మీద పెట్టింది. సాయంత్రం ఆమెకు సంగారెడ్డి పోవాల్సి వచ్చింది. నాయనమ్మ తాజ్ బేగంకి కంటి ఆపరేషన్, చూసుకోవడానికి ఇంకెవరూ లేరు. గురువారం పొద్దున బస్సుకు వచ్చేస్తానంది.

"మేడం, నా ప్లేట్లు మీరే జర చూస్కోండి" అని చెప్పి పోయింది.

అందరూ పోయాక శ్యామల బీరువా దగ్గర చాలాసేపు నిలబడింది. ప్లేట్లు పారేయాలనో పగలగొట్టాలనో ఆమెకు తోచలేదు. వాటిని ఇంక్యుబేటర్‌లో పెడితే చాలు. బాక్టీరియాను ఇంక్యుబేటర్‌లో పెట్టడం తప్పని ఎవరంటారు? ఆరు ప్లేట్లూ తీసుకుపోయి, ఆ కింది అరలోనే పేర్చి, తలుపు వేసింది. చిన్న తెరమీద ముప్పై ఏడు అని కనిపిస్తోంది. ఇంటికి పోతూ దారిలో తన పిల్లలకు అరటిపళ్లు కొంది.  

గురువారం ముస్కాన్ వచ్చేసరికి పదకొండైంది. బీరువా మీద ప్లేట్లు లేవు. వెతికి వెతికి ఇంక్యుబేటర్ తెరిచింది. అప్పటికే సార్, ప్రిన్సిపాల్ గుమ్మంలో ఉన్నారు. ఒక్కో ప్లేటూ తీసి బల్ల మీద పెట్టింది. అన్నీ నున్నగా ఉన్నాయి. గదిలో దీపం వేసి చూశారు. ఏదీ వెలగలేదు.

సార్ కోప్పడలేదు. అదే ముస్కాన్‌కి ఎక్కువ కష్టమైంది. ఫొటోల్లో ఉన్నది బయటినుంచి పడ్డ వేరే బాక్టీరియా అయి ఉంటుంది, రెండూ కలిసిపోయాయి, దీన్ని రిపోర్టులో రాయలేను అన్నాడు. మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టమన్నాడు. బీరువా మీద పెట్టినవి ఇంక్యుబేటర్‌లోకి ఎట్ల పోయాయో తెలియదని ముస్కాన్ మెల్లగా చెప్పింది. హైదరాబాద్ సార్ ముందు తల కొట్టేసినట్టైన ప్రిన్సిపాల్, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయని అడిగి, అటెండర్‌ని పిలిపించాడు.

రేవణసిద్ధప్ప ఆ ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా సీసాలు కడుగుతున్నాడు. బీదర్ వైపు మనిషి. ఏదైనా చిందరవందరగా కనిపిస్తే సర్దకుండా ఉండలేడు. కాబట్టి ప్రిన్సిపాల్‌కి అనుమానం అక్కర్లేకపోయింది. తెలియని వస్తువులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి అని మందలించి, రేపటి నుంచి గేటు దగ్గర కూర్చోమన్నాడు.  సిద్ధప్ప శ్యామల వైపు తిరిగాడు.

"మేడం, మీరు చెప్పున్రి. ఇన్నేండ్లల్ల నేను ఎన్నడన్న ప్లేట్లు ముట్టిన్నా?"

శ్యామల చేతిలో ఫైలు ఉంది. దాన్ని తెరిచి ఏదో కాగితం వెతుకుతున్నట్టు తల వంచుకుంది. నాకు తెలియదు అని కూడా అనలేదు. సిద్ధప్ప కాసేపు చూసి, నడుముకున్న తాళంచేతుల గుత్తి విప్పి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సార్ కారు పోయిన తర్వాత ఆమె కోరుకున్న తృప్తి వచ్చింది. ముస్కాన్ తల దించుకుని బల్ల తుడుస్తుంటే చూసి లోపల ఏదో చల్లబడింది. అది సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఇంటికి పోయేటప్పుడు గేటు దగ్గర సిద్ధప్ప ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రేపటి దాకా ఆగకుండా ఆ రోజే పంపించారు. ఎప్పటిలాగే లేచి నిలబడ్డాడు. ఆమె స్కూటీ ఆపకుండా వెళ్లిపోయింది.

ముస్కాన్ ఒక్క రోజే ఆగింది. శుక్రవారం సాయంత్రానికి మళ్లీ ప్లేట్లు పోసింది. ఈసారి ఒకే సీసాలోని బాక్టీరియాతో మూడు గీసి బీరువా మీద పెట్టింది, మూడు ఇంక్యుబేటర్‌లో పెట్టింది. శ్యామలను జాగా అడగలేదు. ఇప్పుడు ఆ కింది అర తనదే అన్నట్టు పెట్టేసింది. మంగళవారం మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌కి దాదాపు పరుగెత్తుకొచ్చింది. రెండు చేతుల్లో రెండు ప్లేట్లు. ఒకటి ఎర్రగా ముడతలు ముడతలుగా, ఒకటి నున్నగా.

"మేడం, వేడి! వేడి ఉంటే అది సెల్యులోజ్ చేయదు. గంతే. తొట్ల నీళ్లు చల్లగుంటయి గదా, అందుకే అక్కడ చేస్తది, ఇక్కడ చేయది. ఎవరు పెట్టిన్రో గాని, ఆ ప్లేట్లు ఇంక్యుబేటర్‌ల పెట్టి నాకు మంచే చేసిన్రు."

మొదటగా వచ్చింది తన దగ్గరికే. సార్‌కి ఇంకా ఫోన్ చేయలేదు. శ్యామల ఆ రెండు ప్లేట్లనూ చూసింది. ఈ పిల్లకు దారి మూసేద్దామని తను చేసిన పనే దారి చూపించింది. తను కాగితాల్లో చదివి దాచుకున్నదాన్ని ఆమె నాలుగు రోజుల్లో తన చేతులతో కనుక్కుంది. కడుపులో మంట భగ్గుమంది, ఇంతకుముందెప్పుడూ లేనంతగా. అదే సమయానికి కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. పన్నెండున్నర ఎండలో సిద్ధప్ప తల మీద తువ్వాల వేసుకుని, ఒక లారీ వెనక్కి పోతుంటే చెయ్యి ఊపుతున్నాడు.

"సిద్ధప్ప పెట్టలే, ముస్కాన్" అంది శ్యామల. "నేను పెట్టిన."

ముస్కాన్ నవ్వు మొహం మీద అట్లే ఉండిపోయింది. పొరపాటున పెట్టారా, సర్దుతూ పెట్టారా అని అడిగింది. శ్యామల కాదంది. కావాలనే పెట్టానంది. అక్కడితో ఆపేయొచ్చు అనిపించింది. కానీ మొదలుపెట్టాక ఆగడం చేతకాలేదు.

"వేడి సంగతి నాకు డిసెంబర్‌లనే తెలుసు. పేపర్లల్ల చదివిన. నీకు చెప్పలే."

ముస్కాన్ ప్లేట్లు రెండూ జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.  తర్వాత మాట్లాడినప్పుడు గొంతు పెద్దది చేయలేదు.

"రెండు నెలల నుంచి ఉప్పు మారుస్తున్న, రంగు మారుస్తున్న. మీరు పక్కనే కూసోని చూసిన్రు. ప్లేట్లు పెట్టినందుకు కాదు మేడం, గట్ల చూస్కుంట కూసున్నందుకు నాకు బాధ." మళ్లీ అంది, "సిద్ధప్ప కాకని గేటు కాడికెల్లి మీరే తోల్కరాండి. నేను పోను."

శ్యామల ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ గదికి పోయింది. ఆయనకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. మీలాంటి సీనియర్ ఇట్ల చేయడమేంది, పోనివ్వండి, అటెండర్ సంగతి నేను చూసుకుంటా, బయట ఎవరికీ చెప్పకండి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. సిద్ధప్పతో తనే చెప్పాలంది. గేటు దగ్గరికి నడిచి పోయి, ఎండలో నిలబడి, జరిగింది చెప్పింది. సిద్ధప్ప అంతా విన్నాడు. తను అడిగిన రోజు మాట్లాడి ఉంటే బాగుండేది అన్నాడు, అంతే. తువ్వాల దులిపి భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. ఆ తర్వాత కూడా ఆమెను మేడం అనే పిలిచేవాడు. కానీ పొద్దున తాళంచేతులు ఆమె చేతికి ఇవ్వడం మానేశాడు. బల్ల మీద పెట్టి పోయేవాడు.

విష్ణువర్ధన్ సార్‌కి ఫోన్ చేయడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడగకుండా విన్నాడు. చివర్లో, నీ థీసిస్ నేను ఆపను, నీ పని నువ్వు చెయ్యి, కానీ ముస్కాన్ ప్లేట్ల ఫలితం ఇక నీ నోటి నుంచి కాదు, ఆమె నుంచే వింటాను అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ముస్కాన్ తన బల్లను గది రెండో చివరకు జరుపుకుంది. ప్లేట్లను బీరువా లోపలికి మార్చి, దానికి చిన్న తాళం తెచ్చి వేసింది. ఆ తాళం చూసిన ప్రతిసారీ శ్యామలకు మొహం తిప్పుకోవాలనిపించేది.

మార్చి నెలాఖరుకు ఎండలు ముదిరాయి. గదిలో ముప్పై ఆరు దాటుతోంది. బీరువాలో ప్లేట్లు కూడా ముడతలు పడడం మానేశాయి. చల్లగా పెంచే ఇంక్యుబేటర్ కొనే స్తోమత కాలేజీకి లేదు. పని ఆగిపోయేట్టుంది. ఎవరూ అడగకముందే శ్యామల ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫ్రిజ్‌ని శ్రీకాంత్‌తో బాగు చేయించింది. అతనికి జరిగిందంతా అప్పటికే చెప్పింది. అతను రెండు ఆదివారాలు కూర్చుని, ఒక కంట్రోలర్ బిగించి, లోపల ఇరవై ఆరు డిగ్రీలు నిలబడేట్టు చేశాడు. ట్రాలీ ఆటోలో ల్యాబ్‌కి తెచ్చి దించారు. ముస్కాన్ తలుపు తెరిచి, లోపల థర్మామీటర్ పెట్టి, ఒక రోజంతా గంటగంటకూ చూసింది. మరునాడు ప్లేట్లు అందులో పెట్టుకుంది. శ్రీకాంత్ అన్నకు సలాం చెప్పమంది. శ్యామలకు ఏ సలామూ చెప్పలేదు.

వానాకాలం మధ్యలో ముస్కాన్ పత్రం ఒక జర్నల్‌లో అచ్చైంది. రచయితలుగా ఆమె పేరు, సార్ పేరు. కృతజ్ఞతల్లో శ్రీకాంత్ పేరు, రేవణసిద్ధప్ప పేరు ఉన్నాయి. శ్యామల మూడుసార్లు చదివింది. తన పేరు ఉండదని తెలుసు, ఉండకూడదని కూడా తెలుసు. ఐనా వెతికింది. వెతికాక ఆ మంట మళ్లీ లేచింది. పోయిందనుకున్నది పోలేదు. సెప్టెంబర్‌లో ముస్కాన్‌కి పుణెలో పీహెచ్‌డీ సీటొచ్చి వెళ్తుంటే, స్టాఫ్ అంతా కలిసి స్వీట్లు పంచారు. శ్యామల డిసెంబర్‌లో దాచిన పత్రాలతో పాటు, అప్పటినుంచి చదివి పెట్టుకున్న మరో ముప్పై పత్రాలను ఒక ఫైల్లో పెట్టి ఇచ్చింది. ముస్కాన్ బరువు చూసి, "ఇన్ని చదివిన్రా మేడం?" అంది. ఫైలు సంచిలో పెట్టుకుంది.

తర్వాత నెలలో ఝరాసంగం వైపు నుంచి భాగీరథి అనే ఆవిడ కాలేజీకి వచ్చింది. పన్నెండు మంది ఆడవాళ్లతో అల్లం కడిగే పని నడుపుతుంది. ఎంత బ్లీచింగ్ వేసినా సరుకు నిలవడం లేదని, ఇక్కడ ఎవరో దాని మీద చదువుతున్నారని విని, షేర్ ఆటో పట్టుకుని వచ్చానంది. శ్యామల కూర్చోబెట్టి చెప్పింది. నీళ్లలో కాదు అసలు తిప్పలు, తొట్టి గోడల మీద. అక్కడ అవి సెల్యులోజ్ పొర కట్టుకుని ఒక్క ముద్దగా ఉంటాయి, బ్లీచింగ్ ఆ పొరలోపలికి పోదు. ముందు గట్టి బ్రష్‌తో గోడలు రుద్ది ఆ పొర ఊడగొట్టాలి, ఆ తర్వాతే బ్లీచింగ్ నీళ్లు పోయాలి, వారం వారం. భాగీరథి రెండుసార్లు అడిగి తిరిగి చెప్పి గుర్తుపెట్టుకుంది.

"ఇది మీరే కనిపెట్టిన్రా మేడం?"

గదిలో ఇంకెవరూ లేరు.  శ్యామల గ్లాసులో నీళ్లు రెండు గుటకలు తాగింది.

"కాదమ్మా. ముస్కాన్ అని ఒక పిల్ల ఉండె. ఆమె కనిపెట్టింది."

"తురకోల్ల పిల్లనా? ఏ ఊరు?"

"మన జహీరాబాదే. బైపాస్ కాడ వాళ్ల నాయనకు స్కూటర్ల షాపున్నది."

ఐతే పోయేటప్పుడు ఆ షాపు దగ్గర ఆగి ఒక మాట చెప్పి పోతానంది భాగీరథి. శ్యామల ఆమెను గేటు దాకా తీసుకుపోయి, ఎటు తిరగాలో చెయ్యి చూపించి, క్లాసుకు టైమైందని లోపలికి వచ్చింది.